హైదరాబాద్ నుంచి విశాఖపట్నం: ఎంత దూరం, ఎంతసేపు? తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు కూకట్‌పల్లిలో, అత్తగారిల్లు గాజువాకలో. ఈ రెండింటి మధ్యా కారులో, బస్సులో, రైల్లో, విమానంలో ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. అందుకే చుట్టాల్లో ఎవరు వైజాగ్ బయల్దేరినా ముందు నాకు ఫోన్ చేస్తారు. ప్రతిసారీ చెప్పే జవాబులే ఇవి.

అసలు ఎన్ని కిలోమీటర్లు? ఒకరు 500 అంటారు, ఒకరు 620, ఇంకొకరు 700.

ముగ్గురూ నిజమే చెబుతున్నారు. గాల్లో శంషాబాద్ నుంచి విశాఖ విమానాశ్రయానికి గీత గీస్తే సుమారు 510 కిలోమీటర్లు. రోడ్డు మీద విజయవాడ మీదుగా వెళ్తే సుమారు 620. సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా వెళ్లే రైలుకైతే దాదాపు 700.

620 అన్న అంకె కూడా మీ ఇంటిని బట్టి మారుతుంది. ఎల్బీ నగర్‌లో ఉండేవాళ్లు నేరుగా హైవే ఎక్కేస్తారు. మియాపూర్ వాళ్లకి ఊరు దాటడానికే 30 కిలోమీటర్ల పైన. అటు చివర కూడా అంతే. గాజువాక ముందే వచ్చేస్తుంది, మధురవాడ ఇంకా 25 కిలోమీటర్లు ముందుకెళ్లాలి.

గాల్లో కంటే రోడ్డు మీద 110 కిలోమీటర్లు ఎందుకు ఎక్కువ?

మ్యాప్‌లో చూడండి, రెండు ఊళ్లూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉంటాయి. హైదరాబాద్ 17.4 డిగ్రీలు, విశాఖ 17.7. అంటే విశాఖ మనకి తిన్నగా తూర్పున ఉన్నట్టే. ఆ గీత కొత్తగూడెం దగ్గర్నుంచి, భద్రాచలానికి కాస్త దక్షిణంగా గోదావరి దాటి, రంపచోడవరం ఏజెన్సీ కొండల మీదుగా, నర్సీపట్నం పక్కనుంచి వెళ్తుంది. కింద ఉన్నదంతా తూర్పు కనుమలు, అడవి, పాపికొండల్లో ఇరుక్కుని పారే గోదావరి. అక్కడ తిన్నగా హైవే వేయడం ఎవరి వల్లా కాదు.

అందుకే రోడ్డు కొండల్ని తప్పించుకుని ఆగ్నేయంగా విజయవాడకి దిగుతుంది. అది 16.5 డిగ్రీలు, అంటే గీతకి సుమారు 100 కిలోమీటర్లు దక్షిణంగా. అక్కడ తిరిగి కోస్తా వెంబడి ఈశాన్యంగా పైకి ఎక్కుతుంది. రైలు ఇంకా వింత. ముందు ఉత్తరంగా కాజీపేట, వరంగల్ దాకా వెళ్లి, మళ్లీ విజయవాడకి దిగి, మళ్లీ పైకి వస్తుంది. 700 అందుకే.

విమానంలో ఎంతసేపు?

టికెట్ మీద 1 గంట 10 నిమిషాల నుంచి 1 గంట 25 నిమిషాల దాకా ఉంటుంది. అందులో గాల్లో ఉండేది గంట లోపే, మిగతాది రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్లడానికి. రెక్కల కింద ప్రొపెల్లర్లు తిరిగే ఏటీఆర్ అయితే ఇంకో పావుగంట వేసుకోండి. జెట్ కంటే దాని వేగం తక్కువ.

వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కొన్ని నిమిషాల తేడా కనిపిస్తే కంగారు పడకండి, అది గాలి పని. చలికాలంలో పై ఎత్తుల్లో గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కాబట్టి విశాఖ వెళ్లే విమానానికి కలిసొస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో పై గాలి తిరగబడుతుంది, అప్పుడు తిరుగు ప్రయాణానికి లాభం. ఇంత చిన్న దూరంలో దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదులెండి.

అంటే గంటంపావులో వైజాగ్‌లో ఉంటామా?

అందరూ బోల్తా పడేది ఇక్కడే. టికెట్ మీద ఉన్నది విమానం ప్రయాణం, మీ ప్రయాణం కాదు. మీ ఇంటి గుమ్మం నుంచి వాళ్ల ఇంటి గుమ్మం దాకా లెక్కేయండి. నా లెక్క ఇది.

కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరడానికి గంటంపావు. విమానానికి గంటా ముప్పావు ముందు అక్కడ ఉండాలి, ఎందుకంటే బ్యాగులు తీసుకునే కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు. విమానంలో గంటంపావు. దిగి, బెల్టు మీద బ్యాగు కోసం ఎదురుచూసి బయటపడటానికి అరగంట. అక్కణ్నుంచి గాజువాక 25 నిమిషాలు. మొత్తం 5 గంటల 10 నిమిషాలు. అదే ఇంటి నుంచి కారులో అయితే 11 నుంచి 12 గంటలు. అంటే విమానం మిగిల్చేది ఆరేడు గంటలే, పది కాదు.

చేతి బ్యాగుతో వెళ్తే కౌంటరూ లేదు, బెల్టూ లేదు, ముప్పావుగంట దాకా మిగులుతుంది. 7 కిలోల్లో సర్దుకోవడం మావాళ్లకి చేతకాదు, ఆవకాయ జాడీ ఒక్కటే మూడు కిలోలుంటుంది. పైగా నూనె తేలే పచ్చళ్లని చేతి బ్యాగులో ఆపేసే అవకాశం ఎక్కువ. జాడీ ఉంటే కింద వేసే బ్యాగు తప్పదు.

ఒకసారి శుక్రవారం సాయంత్రం 7 గంటల విమానానికి ఇంట్లోంచి నాలుగున్నరకి బయల్దేరాను. మామూలుగా గంటంపావు కదా అని ధీమా. హైటెక్ సిటీ దాటేసరికే ఐదున్నర అయింది, పైన వాన. నేను కౌంటర్ దగ్గరికి చేరేసరికి అది మూసేసి పది నిమిషాలైంది. తప్పు పూర్తిగా నాదే. అప్పట్నుంచీ శుక్రవారమైనా, వాన పడుతున్నా ఇంకో గంట కలుపుకుంటున్నాను.

విశాఖ విమానాశ్రయం ఊరికి ఎంత దూరం? భోగాపురం సంగతేంటి?

పాత విమానాశ్రయం ఊళ్లోనే ఉన్నట్టు లెక్క. ఎన్‌ఏడీ కూడలికీ గాజువాకకీ మధ్య, హైవే పక్కనే. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి సుమారు 12 కిలోమీటర్లు. అది నిజానికి నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగా స్థావరం, పౌర విమానాలు దాన్ని పంచుకుంటాయి. అందుకే విమాన వేళల మీద పరిమితులు ఉంటూ వచ్చాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు టెర్మినల్ పైకప్పు ఎగిరిపోయిన ఫోటోలు మా ఇంట్లో ఇప్పటికీ అందరికీ గుర్తే.

భోగాపురం వేరు. విజయనగరం జిల్లాలో జీఎంఆర్ సంస్థ చేపట్టిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం అది. విశాఖ నడిబొడ్డు నుంచి సుమారు 45 కిలోమీటర్లు. గాల్లో హైదరాబాద్ నుంచి దానికి పెరిగే దూరం 30 కిలోమీటర్లే, రెండు మూడు నిమిషాలు కూడా కాదు. నేల మీద మాత్రం చాలా తేడా. పైన చెప్పిన నా 5 గంటల 10 నిమిషాలు భోగాపురంలో దిగితే 6 గంటలు దాటుతుంది. అదే శ్రీకాకుళం వాళ్లకి పండగే, వాళ్ల దారి దాదాపు సగానికి తగ్గుతుంది. టికెట్ కొనేముందు దాని మీద ఏ విమానాశ్రయం పేరు ఉందో చూసుకోండి.

కారులో ఎంతసేపు? ఏ దారి?

ఎక్కువమంది వెళ్లేది 65వ నంబరు జాతీయ రహదారి మీద విజయవాడ దాకా, అక్కణ్నుంచి 16వ నంబరు మీద విశాఖ దాకా. పాతవాళ్లు వీటిని ఇప్పటికీ 9వ నంబరు, 5వ నంబరు అనే అంటారు. దీన్ని మూడు ముక్కలుగా చూసుకుంటే తేలిక.

హైదరాబాద్ నుంచి విజయవాడ 270 కిలోమీటర్ల పైచిలుకు, నాలుగున్నర నుంచి ఐదు గంటలు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, నందిగామ వరసగా వస్తాయి. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాలు మూడూ ఈ ముక్కలోనే. రోడ్డు బాగుంటుంది కానీ ఊళ్ల దగ్గర అడ్డంగా దాటేవాళ్లు ఎక్కువ. ఎక్కడ స్పీడ్ గన్ పెట్టారో చెప్పలేం, చలానా ఇంటికొచ్చాక తెలుస్తుంది.

విజయవాడ నుంచి రాజమండ్రి 160 కిలోమీటర్లు, రెండున్నర నుంచి మూడు గంటలు. విజయవాడ ఊళ్లోంచి వెళ్తే కనకదుర్గ ఫ్లైఓవర్ కట్టాక కొండ కింద నరకం తప్పింది, కానీ గన్నవరం దాకా ట్రాఫిక్ ఉంటుంది. ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర దారి రెండుగా చీలుతుంది. కొత్త నాలుగు వరసల రోడ్డు దేవరపల్లి మీదుగా కొవ్వూరు వెళ్లి గోదావరి నాలుగో వంతెన ఎక్కిస్తుంది. పాత రోడ్డు తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా వెళ్తుంది. తొందరలో ఉంటే కొత్తది. పూతరేకులు, కడియం నర్సరీలో మొక్కలు కావాలంటే పాతదే. మా ఆవిడ బండిలో ఉంటే నేను పాతదానికే తిప్పుతాను, ఆ విషయంలో చర్చ ఉండదు.

రాజమండ్రి నుంచి విశాఖ 190 కిలోమీటర్లు, మూడున్నర గంటలు. జగ్గంపేట, అన్నవరం, తుని, నక్కపల్లి, యలమంచిలి, అనకాపల్లి. ఈ ముక్కలో తుని దాకా హాయిగా ఉంటుంది. అనకాపల్లి దాటాక పోర్టుకీ స్టీల్ ప్లాంటుకీ వెళ్లే లారీలు మొదలవుతాయి. చివరి 30 కిలోమీటర్లకి గంట పట్టిన రోజులున్నాయి. మధురవాడ, భీమిలి, విజయనగరం వెళ్లేవాళ్లు గాజువాక వైపు రాకుండా అనకాపల్లి దగ్గరే ఆనందపురం బైపాస్ ఎక్కేయండి. సుమారు 50 కిలోమీటర్ల ఆరు వరసల రోడ్డు, ఊరి మొహం చూడక్కర్లేదు.

బండి కదిలే సమయం పదిన్నర గంటలు, తిండికీ టీకీ గంట, గంటన్నర. ఎనిమిది గంటల్లో కొట్టేశానని ఎవరైనా చెబితే ఆ బండిలో మీరు ఎక్కకండి.

ఎన్నింటికి బయల్దేరితే మంచిది?

తెల్లవారుజామున 4 గంటలకి. సిటీ లోపలి రోడ్లు ఖాళీగా ఉంటాయి, మియాపూర్ నుంచి కూడా ఔటర్ చుట్టి పెద్దఅంబర్‌పేట వెళ్లే పనిలేకుండా ఊళ్లోంచే గంటలోపు దాటేయొచ్చు. వెళ్లేది తూర్పుకి కాబట్టి ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది. సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగడం అందుకు కూడా మంచిదే. తిరిగి వచ్చేటప్పుడు సాయంత్రం నందిగామ, కోదాడ మధ్య ఇదే బాధ, అటునుంచి.

రాత్రి పదింటికి బయల్దేరి పొద్దున్నకి చేరిపోదామనే ఆలోచన నాకు నచ్చదు. రెండు నుంచి ఐదు మధ్య కళ్లు మూతపడతాయి, అదే సమయానికి లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆగిన లారీలుంటాయి. డిసెంబర్, జనవరిలో దానికి మంచు తోడు.

మధ్యలో ఎక్కడ ఆగాలి?

సూర్యాపేటలో టిఫిన్, ఏలూరు దాటాక భోజనం, అన్నవరంలో ప్రసాదం. విస్తరాకులో పెట్టిచ్చే ఆ గోధుమనూక ప్రసాదం కోసం కొండ ఎక్కక్కర్లేదు, హైవే పక్కనే దొరుకుతుంది. కానీ కింద తినేసి కొండెక్కకుండా వచ్చానని అత్తగారికి మాత్రం చెప్పకండి.

ఖమ్మం మీదుగా దగ్గర దారి ఉందంటున్నారు?

ఉంది. సూర్యాపేటలో ఎడమవైపు తిరిగి ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా దేవరపల్లి దగ్గర 16వ నంబరు హైవేని కలిసే దారి. విజయవాడ దాకా దిగి పైకెక్కే చుట్టు తప్పుతుంది కాబట్టి కొన్ని పదుల కిలోమీటర్లు తగ్గుతాయి. సూర్యాపేట, ఖమ్మం మధ్య నాలుగు వరసల రోడ్డు ఉంది. ఆ తర్వాత పాత రోడ్డు ఊళ్ల మధ్యలోంచి వెళ్తుంది, తగ్గిన కిలోమీటర్లు అక్కడే తినేస్తుంది. దాని బదులుగా ఖమ్మం నుంచి దేవరపల్లికి సుమారు 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ హైవే తలపెట్టారు. బయల్దేరే రోజు మ్యాప్‌లో అది మొత్తంగా తెరిచి కనిపిస్తే ఇక విజయవాడ వెళ్లక్కర్లేదు. ముక్కలుగా కనిపిస్తే విజయవాడ దారే నయం.

భద్రాచలం, మారేడుమిల్లి మీదుగా?

చూడ్డానికి వెళ్లండి, చేరడానికి వద్దు. చింతూరు, మారేడుమిల్లి మధ్య ఘాట్ రోడ్డు పగటిపూట అద్భుతం. మధ్యలో ఒక రాత్రి ఉండేలా ప్లాన్ చేసుకుంటేనే అటు తిరగండి.

బస్సులో ఎంతసేపు?

12 నుంచి 13 గంటలు. ఏపీఎస్ఆర్టీసీ, టీజీఎస్ఆర్టీసీ, ప్రైవేటు బస్సులు అన్నీ ఉన్నాయి. తెలుసుకోవాల్సింది ఒకటే: మియాపూర్‌లో సాయంత్రం 6 గంటలకి ఎక్కితే కేపీహెచ్‌బీ, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ అన్నిచోట్లా ఆగుతూ ఎల్బీ నగర్ దాటేసరికి 8 అవుతుంది. ఆ రెండు గంటలు టికెట్ మీద కనిపిస్తాయి కానీ ఎవరూ గమనించరు. మెట్రో దారిలో ఇల్లున్నవాళ్లు, సామాను తక్కువైతే, మెట్రోలో ఎల్బీ నగర్ వెళ్లి అక్కడ ఎక్కండి. ఇంటి దగ్గర ఇంకో గంట ఉండొచ్చు.

సంక్రాంతికి ఎంతసేపు పడుతుంది?

భోగికి ముందు రెండు మూడు రోజులు ఈ పేజీలోని అంకెలన్నీ మర్చిపోండి. హైదరాబాద్ ఖాళీ అయ్యేది ఈ రోడ్డు మీదుగానే. పంతంగి టోల్ దగ్గర బండ్లు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరతాయి. ఫాస్టాగ్ వచ్చాక క్యూ కదలడం పెరిగింది, బండ్లూ అంతకంటే ఎక్కువ పెరిగాయి. ఒక ఏడాది ఇంటి నుంచి చౌటుప్పల్‌కే మాకు నాలుగు గంటలు పట్టింది. విమానం టికెట్లు కూడా ఆ వారం రెండు మూడు రెట్లు పలుకుతాయి. సెలవు దొరికితే జనం కంటే రెండు రోజులు ముందు వెళ్లండి, దొరక్కపోతే భోగి రోజు మధ్యాహ్నం. ఆ పూట రోడ్డు నిర్మానుష్యంగా ఉంటుంది.

వానాకాలంలో రోడ్డు మూసేస్తారా?

మామూలు వానకి కాదు, వరద వస్తే మూసేస్తారు. 2023 జులై చివర్లో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మునిగింది. 2024 సెప్టెంబర్ 1న విజయవాడని బుడమేరు ముంచినప్పుడు, ఇటు రాష్ట్ర సరిహద్దులో గరికపాడు దగ్గర రోడ్డు కోతకు గురైంది. అలాంటప్పుడు బండ్లని నార్కట్‌పల్లి దగ్గర మళ్లించి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా పంపారు. అటు వెళ్తే మూడు నాలుగు గంటలు అదనం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల కాలం, అప్పుడు ఇబ్బంది రోడ్డు కంటే విశాఖలో దిగాల్సిన విమానానికే ఎక్కువ.

ఖర్చు ఏది తక్కువ, కారా, విమానమా?

ఒక్కరే అయితే కారు దండగ. లీటరుకి 16 కిలోమీటర్లు ఇచ్చే బండికి ఒకవైపు 39 లీటర్ల పెట్రోల్, పైగా టోళ్లు. నలుగురైతే కారు తేలిగ్గా గెలుస్తుంది. ఇద్దరైతే ఎన్ని రోజుల ముందు టికెట్ కొన్నారన్నదాన్ని బట్టి. రెండు చిట్కాలు: ఆంధ్రాలో పెట్రోల్ ధర తెలంగాణ కంటే కాస్త ఎక్కువ కాబట్టి కోదాడ దాటకముందే ట్యాంక్ నింపుకోండి. ఏడాదిలో మూడు నాలుగుసార్లు తిరిగేవాళ్లయితే ఫాస్టాగ్ వార్షిక పాస్ చూడండి. 2025 ఆగస్టు 15న 3000 రూపాయల ధరతో మొదలైంది, సొంత కార్లకి ఏడాది లేదా 200 సార్లు, ఏది ముందైతే అది.

రైలు గురించి అడగలేదు కానీ...

అడగాల్సిందే. వందే భారత్ సికింద్రాబాద్ నుంచి విశాఖకి ఎనిమిదిన్నర గంటల్లో వెళ్తుంది. 2023 జనవరి 15న, సంక్రాంతి పూట మొదలైంది. కారు కంటే రెండు మూడు గంటలు ముందే చేరుస్తుంది, మీరు తోలక్కర్లేదు. గోదావరి ఎక్స్‌ప్రెస్ పన్నెండు గంటల పైనే తీసుకుంటుంది కానీ రాత్రంతా పడుకుని పొద్దున దిగుతారు. 1974 నుంచి నడుస్తున్న బండి, ఉత్తరాంధ్ర వాళ్ల సగం పెళ్లి సంబంధాలు దాంట్లోనే కుదిరాయని మా మామగారి మాట.

బైక్ మీద వెళ్లొచ్చా?

రాజమండ్రిలో ఒక రాత్రి పడుకుని వెళ్లండి.

మేం కాకినాడ, తుని వైపు వెళ్లాలి. విశాఖలోనే దిగాలా?

కాకినాడ అయితే రాజమండ్రి దగ్గర మధురపూడి విమానాశ్రయం నయం. తునికి రెండూ ఒకటే, టికెట్ ఎటు చవగ్గా ఉంటే అటు. పాత విశాఖ విమానాశ్రయం నుంచి విజయనగరం గంటన్నర, శ్రీకాకుళం రెండు నుంచి రెండున్నర గంటలు.

రెండు ఊళ్లకీ టైమ్‌లో తేడా ఉంటుందా?

ఇది మా అబ్బాయి ప్రశ్న. గడియారంలో లేదు, పొద్దులో ఉంది. విశాఖ మనకి 4.7 డిగ్రీలు తూర్పున ఉంది, ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సుమారు 19 నిమిషాల ముందు అక్కడ తెల్లారుతుంది. దేశం మొత్తానికి టైమ్ చెప్పే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర్నుంచి వెళ్తుంది. అంటే విశాఖ గడియారానికి ముందు, మనం వెనక. సాయంత్రం కూడా అంతే, అక్కడ దీపాలు పెట్టే వేళకి మాకింకా ఎండ ఉంటుంది. పొద్దున్న ఆరింటికే ఫోన్ మోగిందంటే అత్తగారే. "ఇంకా లెగలేదేటి బాబూ, ఇక్కడ పొద్దెక్కిపోనాది" అంటారు.